ఎడ్విన్ జాన్ బట్లర్

సర్ ఎడ్విన్ జాన్ బట్లర్ (ఆగష్టు 13, 1874 - ఏప్రిల్ 4, 1943) ఐర్లండు దేశానికి చెందిన ప్రముఖ శిలీంధ్ర శాస్త్రవేత్త, వృక్షవ్యాధి శాస్త్రవేత్త. వైద్యపట్టా పొందిన ఈయన మనుషులకు కాక మొక్కలకు వైద్యుడైనాడు. 1901 నుండి 1920 వరకు భారతదేశంలో పనిచేసి, ఇక్కడి పైరులకు, తోటలకు వచ్చే తెగుళ్ళను శాస్త్రీయంగా గుర్తించే పద్ధతికి పునాది వేశాడు. అందువలన ఈయనను భారతదేశంలో శిలీంధ్రశాస్త్రానికి, వృక్షవ్యాధిశాస్త్రానికి పితామహుడిగా పరిగణిస్తారు. గోదావరి డెల్టాలో తాటిచెట్లను, కొబ్బరిచెట్లను చంపిన మొవ్వుకుళ్ళు తెగులుకు కారణమైన జీవిని వర్ణించి దానికి శాస్త్రీయనామం పెట్టినవాడు బట్లరే.

బాల్యము, విద్యాభ్యాసము

బట్లర్ ఐర్లండులోని క్లేర్ కౌంటీకి చెందిన కిల్కీ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి థామస్ బట్లర్ మేజిస్ట్రేటు. 1881లో చదువుకోసం ఇంగ్లండుకు పంపారు గాని, ఆరోగ్యం సరిగా లేకపోవడంతో తిరిగి ఐర్లండుకు వచ్చి కొంతకాలం ఇంటివద్దనే చదువుకున్నాడు. తరువాత కార్క్ నగరంలోని క్వీన్స్ కళాశాలలో చేరి 1898లో వైద్యశాస్త్రంలో పట్టా పొందాడు.

ఆ కళాశాలలోనే ప్రకృతిశాస్త్ర ఆచార్యుడు మార్కస్ హార్టాగ్ ప్రభావంతో ఆయన దృష్టి శిలీంధ్రాలవైపు మళ్ళింది. హార్టాగ్ నీటిలో పెరిగే బూజులపై పరిశోధన చేసేవాడు. బట్లర్ వాటికి దగ్గరి బంధువైన పిథియమ్ అనే ప్రజాతిని ఎన్నుకొని పారిస్, ఆంటీబ్, ఫ్రైబర్గ్, క్యూ ఉద్యానవనాలలో అధ్యయనం చేశాడు. నీటిబూజులతో అప్పుడు ఏర్పడిన ఈ పరిచయమే తరువాత గోదావరి తీరంలో అక్కరకు వచ్చింది.

భారతదేశంలో

క్యూ ఉద్యానవనం వారి సిఫారసుపై భారత ప్రభుత్వం బట్లర్‌ను నియమించింది. 1901లో కలకత్తాలో ఉద్యోగంలో చేరి, మరుసటి సంవత్సరం డెహ్రాడూన్‌కు మారాడు. జౌన్సార్ అడవులలో దేవదారు వృక్షాలను చంపుతున్న వేరుకుళ్ళు తెగులుపై 1903లో వ్యాసం ప్రచురించాడు. 1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధనా సంస్థ ఏర్పడినప్పుడు ఇంపీరియల్ మైకాలజిస్టుగా అక్కడికి వెళ్ళాడు.

పూసాలో ఆయన పరిశీలించిన తెగుళ్ళు చాలా ఉన్నాయి. గోధుమకు వచ్చే కుంకుమ తెగుళ్ళు, చెరకులో ఎర్రకుళ్ళు, కందిలో ఎండుతెగులు వీటిలో ముఖ్యమైనవి. కంది ఎండుతెగులును కలుగజేసే ఫ్యుజేరియమ్ ఉడమ్ అనే శిలీంధ్రానికి 1910లో ఆయన పెట్టిన పేరే ఈనాటికీ వాడుకలో ఉంది. తూర్పు బెంగాలులో వరిని పాడుచేస్తున్న ఉఫ్రా తెగులుకు మాత్రం కారణం శిలీంధ్రం కాదని, కంటికి కనిపించని ఒక నులిపురుగు అని 1913లో ప్రకటించాడు. శిలీంధ్రశాస్త్రవేత్త అయి ఉండి కూడా ప్రతి తెగులుకూ శిలీంధ్రాన్నే బాధ్యురాలిని చేయకపోవడం ఈయనలో గమనించదగిన గుణం.

గోదావరి డెల్టాలో మొవ్వుకుళ్ళు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో తాటిచెట్లు పెద్దసంఖ్యలో చనిపోసాగాయి. కల్లు, బెల్లం, ముంజలు, తేగలు, ఇంటి కప్పుకు ఆకు, దూలాలు - ఇవన్నీ ఇచ్చే తాటిచెట్టు అక్కడి పేదలకు ఎంత ముఖ్యమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా తాటికి, కొబ్బరికి కొమ్మలుండవు. చెట్టు మొత్తానికి పెరిగే చోటు తలపైనున్న మొవ్వు ఒక్కటే కాబట్టి, అది కుళ్ళితే చెట్టు తిరిగి చిగురించదు.

ఈ తెగులును గుర్తించడంలో పెద్ద చిక్కు ఉంది. ముందుగా మధ్యనున్న లేత ఆకు పాలిపోయి వాడిపోతుంది. చుట్టూ ఉన్న ముదురు ఆకులు మాత్రం చాలాకాలం పచ్చగానే ఉంటాయి. ఆ దశలో చెట్టు నరికి చూస్తే మొవ్వు దుర్వాసనతో కూడిన మెత్తని ముద్దగా కనిపిస్తుంది. ఆ ముద్దనిండా బాక్టీరియా ఉంటుంది. కొన్ని చెట్లలో కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగు కూడా ఉండవచ్చు. చూసినవారు వీటిలో దేనినైనా కారణంగా భావించడానికి అవకాశం ఉంది. కొబ్బరి మొవ్వుకుళ్ళుకు బాక్టీరియాయే కారణమని 1912లో అమెరికా శాస్త్రవేత్త జాన్ జాన్‌స్టన్ వెస్టిండీస్ పరిశోధనల ఆధారంగా ప్రకటించాడు కూడా.

బట్లర్ కుళ్ళిన ముద్దతో సరిపెట్టుకోలేదు. తెగులు ఎక్కడ మొదలైందో ఆ చోటును వెదికాడు. ఆకుల మట్టలు కాండాన్ని చుట్టుకొని ఉండే భాగంలో, వెలుపలి పొరలపై గుంటపడిన మచ్చలు ఉన్నాయి. పొరలను ఒక్కొక్కటిగా ఒలిచి చూస్తే మచ్చలు ఒక పొరనుండి మరొక పొరకు, ఒకదాని వెనుక ఒకటిగా, లోపలి మొవ్వు వరకు సాగి ఉన్నాయి. తాజా మచ్చలలో ఉన్నది నీటిబూజుల వర్గానికి చెందిన సూక్ష్మజీవి. అది మొవ్వును చేరిన తరువాతనే బాక్టీరియా ప్రవేశించి మిగిలిన భాగాన్ని కుళ్ళబెడుతుంది. అంటే కంటికి, ముక్కుకు ముందుగా తెలిసేది రోగంలో చివరి ఘట్టమన్నమాట. దీనివలన ఆచరణలో ఒక కఠినమైన ఫలితం ఏర్పడింది. నేలమీద నిలబడి చూసేవారికి లక్షణం కనిపించేసరికి ఆ చెట్టు దక్కదు, దానినుండి సిద్ధబీజాలు ఇరుగుపొరుగు చెట్లకు చేరే ప్రమాదం ఏర్పడి ఉంటుంది. అందువలన చెట్టెక్కి, రోగం సోకిన మొవ్వులను నరికి కాల్చివేయించే కార్యక్రమాన్ని మద్రాసు ప్రభుత్వం చేపట్టింది. రోగకారక జీవిని ఆరోగ్యమైన తాటి, కొబ్బరి చెట్లకు అంటించి చేసిన ప్రయోగాల వివరాలను విలియం మెక్రే 1923లో ప్రచురించాడు.

నామకరణము

బట్లర్ 1907లో ఈ జీవికి పిథియమ్ పామివోరమ్ అని పేరు పెట్టాడు. తాటి, కొబ్బరి తెగుళ్ళపై 1910లో ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. ఈ జీవి నీటిలో ఈదగలిగే గమనసిద్ధబీజాలను ఉత్పత్తి చేస్తుంది. పిథియమ్‌లో సిద్ధబీజాశయంలోని పదార్థం పలుచని బుడగలోకి వెలువడి, అక్కడ బీజాలుగా విడిపోతుంది. ఫైటాఫ్తొరా ప్రజాతిలో బీజాలు ఆశయం లోపలనే తయారవుతాయి. ఈ భేదాన్ని బట్టి 1919లో తన జీవిని తానే ఫైటాఫ్తొరా పామివోరా అని మార్చాడు. శాస్త్రీయ నామంలో రెండుచోట్లా బట్లర్ పేరే కనిపించడానికి ఇదే కారణం. కోకోలో కాయకుళ్ళును, బొప్పాయిలో కాయ, వేరు కుళ్ళును కూడా ఇదే జీవి కలిగిస్తుంది. ఈ వర్గపు జీవులు నిజమైన శిలీంధ్రాలు కావని, గోధుమవర్ణపు శైవలాలకు దగ్గరివని తరువాతి కాలంలో తేలింది.

పూసాలో బట్లర్ వద్ద పనిచేసిన జహంగీర్ ఫర్దూన్‌జీ దస్తూర్ 1913లో ఆముదం మొక్కపై ఫైటాఫ్తొరా పారసిటికా అనే మరొక జాతిని వర్ణించాడు. దీనిని ఇప్పుడు ఫైటాఫ్తొరా నికోషియానేలో కలిపారు. బత్తాయి, నిమ్మ తోటలలో మొదలుకుళ్ళును, బంకకారును కలిగించే జీవులలో ఇది ఒకటి.

తిరువాన్కూరు కొబ్బరి

బట్లర్ నిర్ణయాలన్నీ నిలవలేదు. తిరువాన్కూరు సంస్థానంలో కొబ్బరికి వచ్చిన వేరు తెగులును పరిశీలించి 1908లో ఇచ్చిన నివేదికలో వేళ్ళపై కనిపించిన ఒక శిలీంధ్రాన్ని కారణంగా సూచించాడు. 1980వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చేసిన పరిశోధనలలో అది ఫైటోప్లాస్మా వలన వచ్చే వ్యాధి అని వెల్లడైంది. ఫైటోప్లాస్మా అంటే కణకవచం లేని బాక్టీరియా. బట్లర్ కాలపు సూక్ష్మదర్శినికి అది అందేది కాదు. గోదావరిలో బాక్టీరియా వెనుక దాగిన అసలు కారణాన్ని పట్టుకున్నవాడు, తిరువాన్కూరులో మాత్రం ఒక విధమైన బాక్టీరియా కలిగించిన రోగాన్ని శిలీంధ్రానికి ఆపాదించవలసి వచ్చింది.

గ్రంథాలు, తరువాతి జీవితము

1918లో కలకత్తానుండి వెలువడిన ఫంగై అండ్ డిసీజ్ ఇన్ ప్లాంట్స్ అనే గ్రంథం ఆయన భారతదేశపు అనుభవానికి సారం. పైరులతోబాటు తేయాకు, కాఫీ, రబ్బరు, వక్క, మిరియాలు మొదలైన తోటపంటల తెగుళ్ళ వర్ణనలు అందులో ఉన్నాయి. చాలాకాలం భారతీయ విద్యార్థులకు ఈ విషయంలో ఇదే ప్రధాన గ్రంథం.

1920లో బట్లర్ ఇంగ్లండుకు తిరిగివెళ్ళి, క్యూ వద్ద కొత్తగా ఏర్పడిన ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీకి తొలి సంచాలకుడయ్యాడు. ప్రపంచమంతటా వృక్షవ్యాధులపై వెలువడే పరిశోధనల సారాంశాలను అందించే రివ్యూ ఆఫ్ అప్లైడ్ మైకాలజీ అనే పత్రిక ఆయన ఆధ్వర్యంలో 1922లో ప్రారంభమైంది. 1926లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. జి.ఆర్. బిస్బీతో కలసి కూర్చిన ఫంగై ఆఫ్ ఇండియా 1931లో వెలువడింది. 1935లో బ్యూరోను విడిచి బ్రిటిష్ వ్యవసాయ పరిశోధనా మండలికి కార్యదర్శి అయ్యాడు. 1939లో సర్ బిరుదు లభించింది. 1943 ఏప్రిల్ 4న ఇన్‌ఫ్లుయెంజాతో మరణించాడు. ఆయన అసంపూర్ణంగా విడిచిన ప్లాంట్ పాథాలజీ అనే పుస్తకాన్ని ఎస్.జి. జోన్స్ పూర్తిచేయగా 1949లో ప్రచురితమైంది.

పూసాలో బట్లర్ 1905లో ప్రారంభించిన శిలీంధ్ర నమూనాల భాండాగారం, 1934 నాటి బీహారు భూకంపం తరువాత సంస్థతోబాటు ఢిల్లీకి తరలింది. అది భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉంది.