బ్రిడ్జి ఆటను తీర్చిన హెరాల్డ్ వాండర్‌బిల్టు

పేకముక్క పేరు చెప్పినంతనే మన పల్లెలలో పెద్దలు ముఖము చిట్లింతురు. అందుకు కారణము లేకపోలేదు. పేకాటలో పొలము పోగొట్టుకొనినవాని నెరుగని గ్రామ మరుదు. అయినను ఆ యేబదిరెండు ముక్కలతోనే చదరంగమునకు తీసిపోని బుద్ధిబలపు టాట యొకటి గలదు. అది కాంట్రాక్టు బ్రిడ్జి. దానికి నేటి రూపమిచ్చినవాడు హెరాల్డ్ స్టర్లింగ్ వాండర్‌బిల్టు.

ఆయన 1884వ సంవత్సరము జూలై 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఓక్‌డేలులో జన్మించెను. ముత్తాత కార్నీలియస్ మొదట పడవలు నడిపి, పిమ్మట రైలుమార్గములు చేజిక్కించుకొని, ఆ దేశపు ధనవంతులలో మిన్న యనిపించుకొనెను. మునిమనుమడు హార్వర్డులో చదివి, న్యాయశాస్త్ర మభ్యసించి, కుటుంబపు రైల్వే వ్యవహారములలో ప్రవేశించెను. ఇంతమాత్రమే యైనచో ఆయన కథ చెప్పుకొనవలసిన పని లేదు. కలవారి బిడ్డ కలిమి ననుభవించుట వింత గాదు.

బ్రిడ్జిలో ఆటగాండ్రు నలుగురు. ఎదురెదురుగా కూర్చున్న యిద్దరొక జట్టు. తలకు పదమూడు ముక్కలు. నలుగురును ఒక్కొక్క ముక్క వేయగా, గెలిచినవాడు తీసికొను నాలుగు ముక్కలు ఒక పట్టు. ఆటకు ముందు వేలములో వలె పాట నడచును. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరులలో ఏది తురుపో, ఎన్ని పట్లు గెలుతురో పాడవలెను. నాలుగు ఇస్పేట్లనగా ఆరింటికి పైన నాలుగు, మొత్తము పది పట్లు. పండ్రెండు గెలిచిన చిన్న స్లాము, పదమూడును గెలిచిన పెద్ద స్లాము.

పూర్వపు ఆక్షను బ్రిడ్జిలో తక్కువకు పాడి ఎక్కువ గెలిచినను అన్నియు లెక్కకు వచ్చెడివి. పాడకపోయినను స్లాము బహుమతి దక్కెడిది. కావున నోరు కట్టుకొని కూర్చుండుటే తెలివి యనిపించుకొనెను. ఫ్రాన్సులో ప్లాఫాను అను ఆటలో మాత్రము పాడినంత మేరకే గేమునకు లెక్క. వాండర్‌బిల్టు దృష్టి ఈ నియమముపై నిలిచెను.

1925వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఆయన ముగ్గురు మిత్రులతో ప్రయాణము చేయుచున్న ఫిన్లండు అను ఓడ పనామా కాలువ చేరెను. పొద్దుపోయినందున కాలువ దాటుటకు గాని, ఒడ్డున దిగుటకు గాని వీలు లేకపోయెను. ఆ రాత్రి వారి యాటలో చేరిన ఒక స్త్రీ, తాను చైనాలో ఆడిన ఆటను బట్టి ఏవేవో వింత మార్పులు సూచింపసాగెను. వాండర్‌బిల్టునకు విసుగు పుట్టెను. మరునాడు, నవంబరు 1వ తేదీన, ఓడ కాలువ దాటుచుండగా ఆయన కూర్చుండి కొత్త లెక్కల పట్టిక వ్రాసికొనెను. ఒక్కొక్కప్పుడు విసుగు కూడ మేలే చేయును!

ఆ పట్టికలోని ప్రాణము స్లాములో నున్నది. నేటి లెక్కలలో నాలుగు ఇస్పేట్లు పాడి పండ్రెండు పట్లు గెలిచినవారికి ఆ పట్లకు 180 వచ్చును. స్లాము బహుమతి లేదు. ఆరు ఇస్పేట్లు పాడి అవే పండ్రెండు గెలిచినచో 180కి తోడు మరి 500. పాడి పదకొండే గెలిచినచో ఏమియు రాదు సరికదా, ఎదుటివారికి 50 ఇచ్చుకొనవలెను. చేతికందిన గేమును పోవును. ఒక గేము గెలిచియున్న జట్టునకు అపాయము హెచ్చు, బహుమతియు హెచ్చు: చిన్న స్లామునకు 750, పెద్ద స్లామునకు 1500. ఆ స్థితికి వల్నరబుల్ అను పేరు సూచించినది ఓడలోని యొక యువతియే. వాండర్‌బిల్టు ఈ పట్టికను కొలదిమంది మిత్రుల కిచ్చి యూరకుండెను. అయినను రెండేండ్లలో పాత ఆట వెనుకబడెను.

ఇక జతగాని చేతిలో ఏమున్నదో పాటలోనే తెలిసికొనవలసి వచ్చెను. ఆయన ఒక కళావరు పాటకు కొత్త అర్థ మేర్పరచెను: కళావరు లున్నవని కాదు, చేయి బలముగా నున్నదని. జతగాడు ఒక డైమను అన్నచో తనవద్ద బలము లేదని తెలుపుట. 1933లో ఈస్లీ బ్లాక్‌వుడ్ అనునాయన, తురుపు లేని నాలుగు పాడి ఆసు లెన్నియో అడుగు పద్ధతి కల్పించెను. ఎదుటివారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. థియొడోర్ లైట్నర్ యోచన మిక్కిలి చమత్కారమైనది. ప్రత్యర్థులు స్లాము పాడగా డబులు చెప్పుట జరిమానాకొరకు గాదు, జతగానికి సంజ్ఞ: మామూలుగా వేయదగిన ముక్క వేయవద్దు, నావద్ద బొత్తిగా లేని జాతి ఏదో ఊహించి వేయుము, తురుపుతో కోసెదను. ఆ ఊహ తప్పినచో స్లాము గెలిచిపోవును.

జతగాని నమ్ముట వాండర్‌బిల్టునకు సముద్రముమీదను తప్పలేదు. పడవ పందెములలో అమెరికా కప్పును ఆయన 1930, 1934, 1937లలో నిలబెట్టెను. 1934లో మొదటి రెండు పందెములును ఓడి, మూడవదానిలోను వెనుకబడియుండగా, చుక్కాని షెర్మన్ హాయిట్‌న కప్పగించి తాను క్రిందికి దిగిపోయెను. హాయిట్ పన్నిన యెత్తునకు ఇంగ్లీషు పడవ చిక్కి, ఆ పందెము చేజార్చుకొనెను. తుదకు కప్పు 4-2తో దక్కెను.

రైల్వేలో మాత్ర మట్లు జరుగలేదు. 1954లో వాటాదారుల వోటులో రాబర్టు యంగు పక్షము నెగ్గగా, న్యూయార్కు సెంట్రలు ఆ కుటుంబపు చేయి దాటిపోయెను. నాల్గు తరముల యాస్తి! పిమ్మట ఆయన ముత్తాత పేరిటి విశ్వవిద్యాలయపు పాలకవర్గమునకు అధ్యక్షుడై 1968 వరకు పనిచేసెను. 1928లో తాను నెలకొల్పిన బ్రిడ్జి కప్పును 1932లోను, 1940లోను తానే గెలుచుకొనెను.

1970వ సంవత్సరము జూలై 4వ తేదీన, ఎనుబదియారు నిండుటకు రెండు దినములుండగా, న్యూపోర్టులో కన్నుమూసెను. ఆయన తీర్చిన ఆట 2018లో జకార్తాలో మొదటిసారి ఆసియా క్రీడలలో చేరినది; ఆ యేట పురుషుల జంటల పోటీలో బంగారు పతకము గెలిచినవారు భారతీయులగు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్.