తాగుడును క్షమించారు, గూఢచారిని గుర్తించలేదు

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండే కేంద్ర ఉద్యోగుల్లో చాలామంది కొలువులో చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారం నింపినవారే. అరెస్టులు, కేసులు, శిక్షలు ఉన్నాయా అని అది అడుగుతుంది. తాగుడు గురించి విడిగా ప్రశ్న లేదు. కానీ తాగి బండి నడిపిన కేసు ఉంటే రాయాల్సిందే, దాచితే అసలు కేసుకన్నా దాచడమే మెడకు చుట్టుకుంటుంది. ఇక ప్రభుత్వ రహస్యాలు చేతికందే కొలువైతే పాత తాగుడును ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి? బ్రిటన్‌కు ఈ ప్రశ్న డొనాల్డ్ మెక్లీన్ వల్ల ఎదురైంది.

1913లో లండన్‌లో పుట్టాడు. తండ్రి లిబరల్ పార్టీ నాయకుడు, మంత్రి, మద్యం ముట్టని నిష్ఠాపరుడు. కొడుకు కేంబ్రిడ్జ్‌లో కమ్యూనిస్టయ్యాడు. 1934లో సోవియట్ గూఢచార సంస్థకు చిక్కి, మరుసటి ఏడాది బ్రిటిష్ విదేశాంగ శాఖలో చేరాడు. ఇంటర్వ్యూలో పాత కమ్యూనిస్టు భావాల గురించి అడిగితే, అవి ఇంకా పూర్తిగా వదల్లేదని ఒప్పుకున్నాడట. ఆ నిజాయితీకే బోర్డు ముచ్చటపడింది!

1944 నుంచి 1948 వరకు వాషింగ్టన్‌లో పనిచేశాడు. అణు విధానంపై ఏర్పడ్డ ఉమ్మడి కమిటీలో బ్రిటన్ తరఫు కార్యదర్శిగా కూర్చున్నాడు. అక్కడ చూసినవి మాస్కోకు చేరుతూనే ఉన్నాయి.

కైరోలో బండి పట్టాలు తప్పింది. నైలు నదిపై పడవ విహారంలో తాగి గొడవపడితే సహోద్యోగి కాలు విరిగింది. 1950 మేలో అమెరికా రాయబార కార్యాలయ ఉద్యోగినుల ఫ్లాట్‌లోకి చొరబడి సామాను ధ్వంసం చేశాడు. లండన్‌కు పిలిపించి మానసిక వైద్యుడికి చూపించారు. పని ఒత్తిడి అనుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో విదేశాంగ శాఖలో అమెరికా విభాగానికి అధిపతిని చేశారు. తాగి స్టాలిన్ కోసం పనిచేస్తున్నానని మిత్రుల దగ్గర వాగినా, అది మందు మాట అనుకున్నారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ శాఖను తప్పుపట్టడం తేలిక. జబ్బుపడ్డవాడికి చికిత్స ఇప్పించి మళ్లీ పని ఇవ్వడం తప్పు కాదు. ఇంత తెలివైనవాడు ఎందుకిలా కూలిపోతున్నాడని ఆరా తీయకపోవడమే తప్పు. రెండు జీవితాల బరువును మందుతో మోస్తున్నాడని ఎవరికీ తట్టలేదు.

చివరికి అతన్ని పట్టించింది తాగుడు కాదు, అమెరికన్లు ఛేదించిన సోవియట్ సంకేత సందేశాలు. ప్రశ్నించడానికి సిద్ధమవుతుండగా, 1951 మే 25న, తన 38వ పుట్టినరోజునే గై బర్జెస్‌తో కలిసి పారిపోయాడు. బర్జెస్ కూడా పేరుమోసిన తాగుబోతే.

ఆ పరాభవం తర్వాత బ్రిటన్‌లో ఉద్యోగుల పూర్వాపరాల విచారణ కట్టుదిట్టమైంది. 1956 నాటి ప్రభుత్వ శ్వేతపత్రం తాగుడును, మాదకద్రవ్యాలను, స్వలింగ సంపర్కాన్ని కూడా ఒకే గాటన కట్టి భద్రతకు ముప్పు అంది. గూఢచారిని పసిగట్టలేని వ్యవస్థ, ఆ తర్వాత వేలమంది ఉద్యోగుల ఇంటి సంగతులు తవ్వింది. అమెరికాలో 1953 నుంచే అతిగా తాగే అలవాటు అనర్హత కారణాల్లో ఉంది. నేటి అమెరికా మార్గదర్శకాలు కొంత నయం: సమస్యను ఒప్పుకుని, చికిత్స తీసుకుని, చాలాకాలంగా అదుపులో ఉన్నట్టు చూపగలిగితే క్లియరెన్స్ రావచ్చు. అక్కడ ఫెడరల్ కాంట్రాక్టుల్లో చేరే తెలుగువారికీ ఇదే కొలమానం.

మాస్కోలో మెక్లీన్ రష్యన్ నేర్చుకున్నాడు, తాగుడు తగ్గించుకున్నాడు, విదేశాంగ విధానంపై పరిశోధకుడయ్యాడు. 1970లో సూయజ్ అనంతర బ్రిటిష్ విదేశాంగ విధానంపై పుస్తకం ప్రచురించాడు. 1983 మార్చిలో చనిపోయాడు. చితాభస్మాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లి తల్లిదండ్రుల సమాధిలో కలిపారు.