దోర్నకల్ బిషప్ అజరయ్య

మెదక్ చర్చి చూడనివాళ్లు మన శివ్వంపేట మండలంలో తక్కువ. కరువు రోజుల్లో జనానికి పని పెట్టి, తిండి పెట్టి పోస్నెట్ దొర ఆ చర్చి కట్టించారని, 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారని పెద్దలు చెబుతారు. అదే కాలంలో, అదే నిజాం రాజ్యంలో, తూర్పున దోర్నకల్‌లో ఇంకో చర్చి లేస్తూ ఉండింది. దాన్ని కట్టించినాయన దొర కాదు, మన దేశపు మనిషి. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

మా హాస్టల్లో తీజ్‌కు, సేవాలాల్ జయంతికి ఇంటికి పోయే పిల్లలున్నారు, ఈస్టర్‌కు పోయేవాళ్లూ ఉన్నారు. తండా ఒకటే, గోత్రం ఒకటే. వాళ్లలో వాళ్లు ఈ విషయం మీద మాటా మాటా అనుకోవడం నాకు కొత్త కాదు. ఈ సంచికకు ఎవరి జీవితం రాయాలని అడిగినప్పుడు అందుకే ఈయన గుర్తొచ్చారు.

1874 ఆగస్టు 17న తమిళనాడు తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే ఊళ్లో పుట్టారు. వాళ్లది నాడార్ కులం. తాళ్లెక్కి బతికిన కులం. ఆ కాలంలో వాళ్లను గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. తండ్రి హిందువుగా పుట్టి క్రైస్తవుడై, ఊరి పాస్టరుగా పనిచేశారు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. తర్వాత 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇది చదివి పరీక్షలు ఎగ్గొట్టకండి!

1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ ఊరూరా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా పెళ్లి చేసుకున్నారు. ఆమె కాలేజీ మెట్లెక్కిన తొలి తరం ఆడపిల్లల్లో ఒకరు. మన తండాల్లో ఒకప్పుడు పిల్లవాడి వైపు వాళ్లే ఓలి ఇచ్చేవారు, ఇప్పుడు బండి, బంగారం అడుగుతున్నారు. అందుకే ఈ కట్నం సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

1902లో ఆయన సిలోన్‌లోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతోనే వేరే ఊళ్లకు సువార్త పంపడం చూశారు. మనమెందుకు దొరల మీద ఆధారపడాలి అన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1909లో ఆ సొసైటీ పనిమీదే, ముప్పై అయిదేళ్ల వయసులో, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో లేచి, దొరలు సేవ చేస్తున్నారు గానీ మమ్మల్ని స్నేహితులుగా పక్కన కూర్చోబెట్టుకోవడం లేదని మొహం మీదే చెప్పారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

దోర్నకల్ చుట్టుపక్కల ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొరల పొలాల్లో జీతగాళ్లు. చదువు లేదు, అప్పు ఉంది, తాగుడు ఉంది. చనిపోయిన క్రీస్తు లేచాడన్న కబురు వాళ్లకు ఎట్లా చెప్పాలి? ఆదివారం చర్చిలో చెబితే సరిపోదని ఆయన గట్టిగా నమ్మారు. లేవడమంటే అప్పులోంచి, సారాలోంచి, మురికిలోంచి, తలొంచుకుని బతకడంలోంచి కూడా లేవాలి. అందుకే ఎడ్లబండిలో ఊరూరా తిరుగుతూ శుభ్రం గురించి, పొదుపు గురించి మాట్లాడేవారు. సహకార సంఘాలు, దవాఖానాలు, బడులు వచ్చాయి. 1935 నాటికి ఆయన కింద దాదాపు 250 మంది భారతీయ పాస్టర్లు, 2000కు పైగా ఊరి టీచర్లు ఉన్నారు. ట్రైనింగ్ చేసిన టీచర్‌గా నేను ఆ రెండో అంకె దగ్గరే ఆగిపోతాను.

విన్న కబురు విన్నవాడి దగ్గరే ఉండిపోకూడదన్నది ఆయన పట్టు. ఊరికి వెళ్లినప్పుడు బాప్తిస్మం తీసుకున్నవాళ్లను తమ చెయ్యి తమ తల మీద పెట్టుకోమనేవారు. ఈ సువార్త పక్కవాడికి చెప్పకపోతే నాకు కీడు అన్న అర్థం వచ్చే మాట వాళ్ల నోటితో పలికించేవారు. ఏటా ఒక వారం సాక్ష్యానికి కేటాయించారు. ఆ వారం పాస్టర్లతోపాటు కూలివాళ్లు, ఆడవాళ్లు గుంపులుగా పక్క ఊళ్లకు పోయి పాటలతో, తమ మాటలతో చెప్పేవారు. విచిత్రమేమిటంటే, తమ జీతగాళ్లు తాగుడు మాని పిల్లల్ని బడికి పంపడం కళ్లారా చూసి, పై కులాల రైతులు కూడా కొందరు వచ్చి చేరారు. కింద కూర్చోబెట్టినవాళ్ల దగ్గర పైవాళ్లు నేర్చుకున్నారన్నమాట.

ఆయన దారిని అందరూ మెచ్చలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ గట్టి భేదం ఉండేది. అయితే క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని, మనం అందరితో కలిసే ఉండాలని వాదించింది కూడా ఈయనే. కొత్త విశ్వాసం వచ్చిందని సొంత భాష, పాట, కట్టుబొట్టు వదిలేయాలని ఆయన అనుకోలేదు. అన్నిచోట్లా అట్లాగే జరిగిందని మాత్రం నేను అనలేను. నగారా, గోర్‌బోలి పాట పక్కన పెట్టేసిన ఇళ్లు మన తండాల్లో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఆలోచనకు రుజువు ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్. దాదాపు పాతికేళ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుకు తెస్తాయి. స్తంభాల తలల మీద అరటి పువ్వు చెక్కించారు. పువ్వు రేకలు రాలితేనే కాయ బయటపడుతుంది కదా, చావులోంచి బతుకు అన్నది దాని అర్థం. అరటి గెల వేసి చెట్టు పడిపోతే పక్కన పిలక లేస్తుందని పెరట్లో చూసినవాళ్లకు ఇంకేం వివరించనక్కర్లేదు.

1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు సంఘాలను ఒకటి చేయాలని 1919 తరంగంబాడి సభ నుంచి పాటుపడ్డారు. ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది, ఆయన చూడలేదు. మన మెదక్ చర్చి ఇప్పుడు ఆ సంఘంలోదే.

దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, చుట్టూ మన తండాలే. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైళ్ల దారిలో జంక్షన్. అటు చుట్టాలింటికి పోయినప్పుడు దిగి, చర్చిలోకి వెళ్లి, ఒకసారి తలెత్తి ఆ స్తంభాల పైభాగం చూడండి. ఆయన సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది.