స్కుటారి మరణాలు నేర్పిన విద్య: ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం

మే 12న ప్రపంచమంతటా నర్సుల దినోత్సవం జరుపుకుంటారు. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మదినం. రాత్రివేళ చేత దీపం పట్టుకొని క్షతగాత్రుల మధ్య తిరిగిన కరుణామూర్తిగా ఆమె మన పాఠ్యపుస్తకాలలో కనిపిస్తారు. ఆ చిత్రం నిజమే గాని అసంపూర్ణం. ప్రాణాపాయంలో ఉన్న రోగిని గమనించడాన్ని ఒక విద్యగా తీర్చిదిద్దిన మహిళ అందులో కనిపించరు.

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఒక సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. నర్సు పని గౌరవప్రదం కాదని కుటుంబం ఏళ్ల తరబడి అడ్డుపడింది. చివరకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఆమె శిక్షణ పొందారు. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ సమీపంలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు.

ఆమె రాకతో మరణాలు తగ్గిపోయాయని చెప్పుకోవడం పరిపాటి. వాస్తవం వేరు. ఆ శీతకాలమంతా మరణాలు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు 40 శాతం దాటింది. గాయాలకన్నా టైఫస్, కలరా, విరేచనాలే ఎక్కువ మంది సైనికులను బలిగొన్నాయి. ఆసుపత్రి భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉండేవి. మార్చిలో వచ్చిన పారిశుధ్య కమిషన్ వాటిని శుభ్రపరచి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడేలా మార్పులు చేసింది. జూన్ నాటికి మరణాలు 2 శాతానికి పడిపోయాయి.

ఆకలి, చలి, సరఫరాల కొరతే సైనికులను చంపాయని నైటింగేల్ మొదట నమ్మారు. ఇంగ్లండుకు తిరిగివచ్చాక గణాంకవేత్త విలియం ఫార్‌తో కలసి లెక్కలు పరిశీలించినప్పుడు గాని, తాను నడిపిన ఆసుపత్రిలోనే మృత్యువు పొంచి ఉండేదన్న సంగతి ఆమెకు బోధపడలేదు. ఆ నిజాన్ని ఆమె దాచిపెట్టలేదు. చక్రాకార పటాలుగా గీయించి ప్రభుత్వం ముందు ఉంచారు. దీపం కథ కన్నా ఈ ధైర్యమే ఎక్కువగా స్మరించుకోదగినది.

నర్సింగ్‌పై ఆమె రాసిన గ్రంథంలో రోగి పరిశీలనకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. రోగి బాగా నిద్రపోయాడా అని అడిగితే వచ్చే సమాధానం వైద్యునికి పనికిరాదని ఆమె వాదన. ఎన్ని గంటలు, ఏ వేళల్లో నిద్రపోయాడో చెప్పాలి. ఎంత తిన్నాడో, ఎంత వదిలేశాడో చూడాలి. నాడిలో, ముఖవర్ణంలో వచ్చే మార్పును పసిగట్టాలి. నేటి ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో నర్సు గంటగంటకూ నాడి, శ్వాస, రక్తపోటు, స్పృహ నమోదు చేసి, తేడా కనిపించగానే వైద్యుణ్ణి పిలవడం ఈ ఆలోచనకు కొనసాగింపే. శస్త్రచికిత్స గది పక్కనే, రోగి తేరుకొనే దాకా ఉంచే చిన్న గది గురించి కూడా 1863లో ఆసుపత్రులపై రాసిన పుస్తకంలో ఆమె ప్రస్తావించారు. తీవ్ర చికిత్సకు ప్రత్యేక విభాగం కోపెన్‌హాగెన్‌లో రూపుదిద్దుకోవడానికి అప్పటికి ఇంకా 90 ఏళ్లు ఉంది.

భారతదేశంలో ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపి, వచ్చిన కట్టల కొద్దీ జవాబులను మంచం మీద నుంచే పరిశీలించారు. ఇక్కడి బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణించేవారు. 1873 నాటికి ఆ సంఖ్య 18కి తగ్గింది. తరువాతి కాలంలో ఆమె దృష్టి సైనిక శిబిరాలు దాటి గ్రామాలకు, కరవులకు విస్తరించింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదల కోసం ఆయన చేసిన వాదనకు మద్దతు పలికారు.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. క్రిమియాలో సోకిన జబ్బు ఆమెను దశాబ్దాల పాటు గదికే పరిమితం చేసింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న, 90వ ఏట కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేస్తామన్న ప్రతిపాదనను కుటుంబం సున్నితంగా తిరస్కరించింది. ఈస్ట్ వెల్లోలోని చిన్న చర్చి ఆవరణలో ఉన్న ఆమె సమాధిపై పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే ఉన్నాయి.