పోతపని నుండి అంతరిక్షానికి – యూరీ గగారిన్ జీవితం



ఈసారి మన గోడపత్రికకు ఒక గొప్పవ్యక్తి జీవితం రాయమని నాకు అప్పగించారు. నేను గగారిన్‌ను ఎంచుకున్నాను. ఎందుకో ముందే చెబుతాను.

విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళినప్పుడు, బిర్లా ప్లానెటోరియం చూశాక మన బస్సు హైటెక్ సిటీ మీదుగా వచ్చింది కదా. అద్దాల మేడలు చూడ్డానికి అందరం కిటికీల దగ్గర ఎగబడ్డాం. అప్పుడు వెనక సీటులో ఒక మిత్రుడు, మనలాంటివాళ్ళు ఇక్కడికి ఇటుకలు మోయడానికి తప్ప రారని అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా మామ గచ్చిబౌలిలో సెంట్రింగ్ పని చేస్తాడు. చెక్కలతో పెట్టె బిగించి, లోపల ఇనుప చువ్వలు కట్టి, కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక చెక్కలు ఊడదీస్తారు. ఆ మేడల స్తంభాలన్నీ అలా లేచినవే.

ఆ మాట అన్న మిత్రుడు సెలవులకు ఇంటికి పోయి ఇంకా తిరిగి రాలేదు. చదువులో రెండేళ్ళు వెనకబడ్డాడట, పది అయినా ఐటీఐ తప్ప దారి లేదట, దానికోసం ఇంత కష్టం ఎందుకని కబురు పంపాడు. అతని కోసమే ఈ వ్యాసం.

మొట్టమొదట అంతరిక్షంలోకి వెళ్ళిన మనిషి గగారిన్ అని మనం జి.కె. లో బట్టీ పట్టాం. కానీ అంతకుముందు అతను ఏం పని చేసేవాడో మనలో ఎంతమందికి తెలుసు?

యూరీ గగారిన్ 1934 మార్చి 9న రష్యాలో క్లూషినో అనే పల్లెటూరిలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. తల్లి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాడిపశువుల పని చూసేది. నలుగురు పిల్లల్లో యూరీ మూడోవాడు.

1941లో జర్మనీ సైన్యాలు ఆ ఊరిని ఆక్రమించాయి. గగారిన్ వాళ్ళ ఇంట్లో సైనికులు దిగి, ఇంటివాళ్ళను బయటికి గెంటారు. ఆ కుటుంబమంతా పెరట్లో ఒక చిన్న గొయ్యి తవ్వుకుని, పైన మట్టి కప్పుకుని, ఏడాదిన్నర దాటి అందులోనే బతికింది. బడి మూతబడింది. 1943లో సైనికులు వెనక్కి పోతూ అన్ననూ అక్కనూ బలవంతపు చాకిరీకి పట్టుకుపోయారు. వాళ్ళు తప్పించుకున్నా ఇల్లు చేరింది మాత్రం యుద్ధం ముగిశాకే. అందువల్ల యూరీ చదువు కూడా వెనకబడింది. ఇది మన మిత్రుడు గమనించాలి.

తర్వాత వాళ్ళు దగ్గర్లోని గ్జాత్స్క్ పట్టణానికి మారారు. అక్కడ లెక్కలు, సైన్సు చెప్పిన మాస్టారు యుద్ధంలో విమానదళంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన పాఠాలు వినే యూరీకి విమానాల పిచ్చి పట్టింది. అయితే ఇంట్లో డబ్బు లేదు. తొందరగా ఒక పని నేర్చుకుని తన కాళ్ళ మీద తను నిలబడాలని పదిహేను పదహారేళ్ళకే ఇల్లు విడిచాడు. మాస్కో పక్కన ల్యూబెర్త్సీ అనే ఊళ్ళో, కర్మాగారానికి అనుబంధంగా ఉన్న వృత్తి పాఠశాలలో చేరాడు. అంటే మన ఐటీఐ లాంటిదే. అక్కడ నేర్చుకున్న ట్రేడు పోతపని, అదే ఫౌండ్రీ.

పోతపని అంటే ఇసుకను అచ్చుగా కొట్టి, అందులో కరిగిన లోహం పోసి, చల్లారాక ఇసుక దులిపి వస్తువును బయటికి తీయడం. మా మామ చెక్క పెట్టెలో కాంక్రీటు పోస్తే, గగారిన్ ఇసుక అచ్చులో లోహం పోశాడు. కొలిమి వేడికి ఒళ్ళు మాడిపోయే పని. ఇసుకలో తడి ఎక్కువైతే ఆవిరి పుట్టి లోహం చిమ్ముతుంది. అచ్చు సరిగ్గా లేకపోతే వస్తువులో బుడగలు పడతాయి, అది పనికిరాదు. పగలు ఈ పని, సాయంత్రం యువకార్మికుల బడిలో ఏడో తరగతి. అవును, ఏడో తరగతే! 1951లో రెండూ పూర్తిచేశాడు.

బాగా చదివాడు కాబట్టి వోల్గా నది ఒడ్డున ఉన్న సరాతోవ్ పారిశ్రామిక సాంకేతిక పాఠశాలకు పంపారు. అక్కడ నాలుగేళ్ళు చదివాడు. చేతి ఖర్చులకు రేవులో కూలిపని కూడా చేశాడు. ఆ ఊళ్ళో ఒక ఫ్లయింగ్ క్లబ్ ఉండేది. చదువు, పని అయ్యాక అక్కడికి పోయి విమానం నడపడం నేర్చుకున్నాడు. 1955లో సాంకేతిక పాఠశాల చదువు ముగిసింది. ఆ ఏడాదే ఓరెన్‌బర్గ్‌లోని వైమానిక దళ శిక్షణ పాఠశాలలో చేరాడు.

ఇక్కడ వార్డెన్ గారూ, ఉపాధ్యాయులూ ఒక సంగతి గమనించమని మనవి. గగారిన్ పొట్టివాడు. ఎత్తు 157 సెంటీమీటర్లే. విమానం దించేటప్పుడు మాటిమాటికీ తప్పు చేసేవాడు. ఇక ఇంటికి పంపేసే పరిస్థితి వచ్చింది. కానీ పై అధికారి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. శిక్షకుడు కారణం వెతికి, సీటు మీద ఒక మెత్త వేయించాడు. కాస్త ఎత్తు పెరిగేసరికి నేల సరిగ్గా కనిపించింది, విమానం చక్కగా దిగింది. ఆ రోజు అతని పేరు కొట్టేసి ఉంటే ఏమయ్యేది? లోపం కుర్రవాడి తెలివిలో లేదు, అతను కూర్చున్న సీటులో ఉంది.

1957లో వైమానిక దళ అధికారి అయ్యాడు. వాలెంతీనాను పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత అంతరిక్షయాత్ర కోసం పైలట్లను వడపోసి 20 మందిని ఎంపికచేశారు. అందులో గగారిన్ ఒకడు. వోస్తోక్ నౌకలో చోటు చాలా ఇరుకు కాబట్టి, అంతకుముందు అడ్డమనుకున్న పొట్టితనం అక్కడ కలిసొచ్చింది.

1961 ఏప్రిల్ 12న బైకనూర్ నుండి వోస్తోక్-1 లేచింది. గగారిన్ భూమిని ఒకసారి చుట్టివచ్చాడు. మొత్తం 108 నిమిషాలు. దిగేటప్పుడు సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో నౌక నుండి బయటపడి పారాచూట్‌తో దిగాడు. ఎక్కడ దిగాడో తెలుసా? సరాతోవ్ ప్రాంతంలోనే! కుర్రవాడిగా పోతపని చదువుకోవడానికి వెళ్ళిన చోటే ఆకాశం నుండి దిగాడు. అప్పుడతని వయసు 27 సంవత్సరాలు. అక్కడి పొలంలో ఒక ముసలావిడ, ఆమె మనవరాలు మొదట అతన్ని చూశారు.

ఆ జులైలో ఇంగ్లండు వెళ్ళినప్పుడు మాంచెస్టర్‌లోని పోతపని కార్మికుల సంఘం అతన్ని పిలిచి గౌరవ సభ్యత్వం, పతకం ఇచ్చింది. ప్రపంచమంతా అంతరిక్ష వీరుడని పొగుడుతుంటే, వాళ్ళు మా పనివాడని గర్వపడ్డారు. గగారిన్ కూడా తన పాత పనిని ఎప్పుడూ దాచుకోలేదు.

1961 నవంబరు చివర మన దేశానికి వచ్చి ఢిల్లీ, లక్నో, బొంబాయి, కలకత్తాలతో పాటు మన హైదరాబాదు కూడా చూసి వెళ్ళాడు. అప్పటికి మాదాపూర్ వైపు బండరాళ్ళు, చిన్న ఊళ్ళే. అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో.

అంతరిక్షంలోకి వెళ్ళాక కూడా గగారిన్ చదువు మానలేదు. జుకోవ్‌స్కీ అకాడమీలో ఇంజినీరింగ్ చదివి 1968 ఫిబ్రవరిలో పూర్తిచేశాడు. మరుసటి నెలే, మార్చి 27న, శిక్షణ విమానం కూలి అతనూ, తోటి పైలట్ సెర్యోగిన్ చనిపోయారు. వయసు 34 ఏళ్ళే. ఇద్దరు చిన్న ఆడపిల్లలు తండ్రి లేనివాళ్ళయ్యారు. గ్జాత్స్క్ పట్టణానికి గగారిన్ పేరు పెట్టారు.

1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ వాలెంతీనా తెరిష్కోవా కూడా అంతకుముందు బట్టల మిల్లు కార్మికురాలే. 1984లో వెళ్ళిన మన రాకేశ్ శర్మ హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, వైమానిక దళ పైలట్ అయ్యాడు. ఒక్కొక్కరిది ఒక్కో దారి. మన ఇస్రో రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కును హైదరాబాదులోని మిధాని కర్మాగారంలో కరిగించి తయారుచేస్తారు. అక్కడా కొలిమి దగ్గర నిలబడే చేతులు కావాలి.

ఐటీఐ చదివినవాళ్ళంతా అంతరిక్షానికి పోతారని నేను చెప్పడం లేదు. అద్దాల మేడలో కుర్చీ దొరుకుతుందనీ చెప్పలేను. పని నేర్చుకున్నంత మాత్రాన చదువు తలుపు మూసుకుపోదని మాత్రం గగారిన్ జీవితం చూపిస్తుంది.

మిత్రమా, నీ మంచం ఇంకా ఖాళీగానే ఉంది. నీ గూడెం వైపు వెళ్ళేవాళ్ళతో ఈ వ్యాసం నకలు పంపిస్తున్నాను. వార్డెన్ గారు హాజరు పట్టీలో నీ పేరు కొట్టేయకుండా ఉంచాలని అందరి తరఫున కోరుతున్నాను. సోమవారం నాటికి వచ్చేయి.

– పదవ తరగతి విద్యార్థి