తండ్రి హరళయ్య

బసవేశ్వరుని చరిత్ర పఠించు మన గృహములలో హరళయ్య పేరు వినని బాలుడుండడు. చెప్పులు కుట్టి శివుని మెప్పించిన శరణుడని పెద్దలు చెప్పగా వినియే మనమందరము పెరిగితిమి. అయితే ఆ చెప్పుల కథ ముగిసిన చోటనే మనలో పలువురు అతని చరిత్రను చాలించుచున్నారు. హరళయ్య ఒక కుమారునకు తండ్రి. ఆ కుమారుని పెండ్లి చేసినందుకే అతడు ప్రాణములు కోల్పోయెను. ఆ తండ్రిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటయే ఇచట నా యుద్దేశము.

పండ్రెండవ శతాబ్దపు కల్యాణ నగరము సామాన్యమైన పట్టణము కాదు. చాళుక్యులకు సామంతుడై యుండిన కలచురి బిజ్జలుడు 1157 ప్రాంతమున అధికారమును చేజిక్కించుకొని, 1162 నాటికి సార్వభౌమ బిరుదములు ధరించెను. అతని భాండారము బసవేశ్వరుని చేతిలో నుండెను. అల్లమప్రభువు శూన్యసింహాసనమునధిష్ఠించిన అనుభవమంటపమున చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేనెడు చందయ్య, తోళ్లు పదునుచేయు కక్కయ్య, మంత్రులతోను పండితులతోను సరిసమానముగా కూర్చుండిరి. వారి నడుమనే సమగార హరళయ్యకును స్థానము కలదు.

అతని వృత్తిని ఎరిగినవారికే ఆ స్థానపు విలువ తెలియును. పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, చెట్టుచెక్కల రసమున లందలో దినముల తరబడి ఊరవేసి, ఎండనార్చి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి కుట్టవలెను. ఆ వాసన ఒంటిని విడువదు. ఊరివారు అతని నీడ సోకకుండ తొలగిపోవుదురు. అతడు కుట్టిన చెప్పులు మాత్రము తొడిగికొని పోవుదురు. ఈ పనియే కాయకమనియు, కాయకమే కైలాసమనియు శరణులు నిర్ణయించిన దినమున హరళయ్య ఇంటిలో ఎట్టి వెలుగు నిండియుండునో ఊహింపవచ్చును.

చెప్పుల కథ అందరెరిగినదే కావున సంగ్రహముగా చెప్పెదను. వీథిలో ఎదురైన బసవేశ్వరునకు హరళయ్య ఒక మారు శరణు చెప్పగా, ఆయన రెండు మారులు శరణు చెప్పెనట. అంతటి మన్ననకు తాను ఋణపడితినని ఆ దంపతులు కలతచెందిరి. హరళయ్య కుడితొడ నుండియు, భార్య కల్యాణమ్మ ఎడమతొడ నుండియు చర్మము తీసి, దానిని పదునుచేసి పాదరక్షలు కుట్టి సమర్పించిరి. బసవేశ్వరుడు వానిని శిరమున దాల్చెనే కాని పాదములకు తొడుగలేదు. వాటికి సంగమదేవుడే తగినవాడని మరల వారి చేతికే ఇచ్చెను. తిరిగి వచ్చు త్రోవలో బ్రాహ్మణ మంత్రి మధువరసు ఆ చెప్పులు చూచి, వలదన్నను వినక తొడిగికొనెను. ఒడలెల్ల మంటలు పుట్టెను. వైద్యులవలన కాని పని హరళయ్య లందలోని నీటివలన అయినదని గాథ. నాటితో మధువరసు గర్వము కరగెను. అతడు లింగధారియై శరణులలో చేరెను.

ఇచటినుండియే తండ్రుల కథ మొదలగుచున్నది.

మధువరసునకు ఒక కుమార్తె కలదు. ఆమె పేరు లావణ్య యని కొందరు, లలిత యని కొందరు చెప్పుదురు. హరళయ్య కుమారుడు శీలవంతుడు. ఈ ఇరువురకును వివాహము చేయ నిశ్చయించిరి. అనులోమముగా జరిగినచో లోకము మూతి ముడుచుకొనియైనను ఊరకుండెడిది. ఇది ప్రతిలోమము. అట్టి దాంపత్యమున పుట్టిన సంతానమును మనుధర్మము చండాలురని పేర్కొనును. దీక్ష పొందినవానికి పూర్వకులము లేదనునది శరణుల మాట. ఆ మాటను మంటపములో అంగీకరించుట వేరు, ఇంటి ముంగిట పందిరి వేసి నిరూపించుట వేరు.

ఈ సందర్భమున మనవారు మధువరసు త్యాగమునే ఎక్కువగా పొగడుచుందురు. పదవిని, బంధువర్గమును కాదని పిల్లనిచ్చిన అతడు పొగడ్తకు తగినవాడే. కాని నా మనస్సు హరళయ్య వైపునకే పోవుచుండును. మంత్రికి రాజసభలో పరిచయములు కలవు, మాటాడుటకు నోరు కలదు. చర్మకారునకేమి కలదు? ఒక లంద, ఒక ఆరె, ఒక కొడుకు. పెద్దింటి పిల్ల కోడలుగా వచ్చుట ఆ గుడిసెకు వైభవము కాదు, ఆపద. రాజాగ్రహము కలిగినచో మొదట తన తలుపే తట్టుదురని అతడెరుగనివాడా? అయినను సరే యనెను. కొడుకు ఎవరికిని తీసిపోడని చెప్పుటకు ఆ తండ్రికి వేరు దారి లేకపోయెను.

పెండ్లి జరిగెను. ఛాందసులు బిజ్జలుని చెవిలో వర్ణసంకరమని ఊదిరి. కన్నడ గాథల ననుసరించి, రాజు వియ్యంకులిద్దరిని పట్టి తెప్పించి, ఏనుగు కాలికి కట్టి నగర వీథులలో ఈడ్పించెను. ఆ శిక్షకు ఎళెహూటె యని పేరు. కొన్ని గాథలలో శీలవంతుడును తండ్రితో కూడ మరణించెను. పెండ్లి సందడి చల్లారకమునుపే ఆ ఇంట ఏడ్పులు లేచెను.

మన పాల్కురికి సోమనాథుడు ఈ దారుణమును మరియొక విధముగా చెప్పినాడు. అల్లయ్య, మధువయ్య అను భక్తుల కన్నులు బిజ్జలుడు పెరికించెనని అతని ద్విపద బసవపురాణమున కలదు; ఆ యిరువురు హరళయ్య మధువరసులే యని పెద్దల అభిప్రాయము. 1369లో ఆ గ్రంథమునే భీమకవి కన్నడీకరించెను. వివాహ వృత్తాంతము విరివిగా కనవచ్చునది తరువాతి కన్నడ పురాణములలో. చరిత్రకారులు ఈ భేదములను పట్టి తర్కింతురు, తర్కింపవలసినదే. కన్నులు పోయినను, ప్రాణములు పోయినను, నిరపరాధులైన ఇరువురు శరణులకు రాజు చేసిన అన్యాయము మాత్రము రెండింటను ఒక్కటే.

తరువాతి సంగతులు వేగముగా జరిగినవి. బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు పోయెను. ప్రతీకారమునకు పూనిన జగదేవుడు జాగు చేయగా, కన్నతల్లియే అతనికి ఇంటి వెలుపల కుక్కకు పెట్టినట్లు అన్నము పెట్టెనట. సిగ్గుపడి అతడు మల్లయ్య బొమ్మయ్యలతో కలిసి రాజమందిరము చొచ్చి బిజ్జలుని పొడిచి చంపెను. ఇది 1167-68 ప్రాంతపు మాట. శరణులు చెల్లాచెదరైరి, చెన్నబసవేశ్వరుడు ఉళవి దారి పట్టెను. ఆ హత్యను సమర్థించుటకు నాకు మనస్సొప్పదు. తండ్రిని తండ్రిగా బ్రతుకనీయని రాజ్యమునందు కత్తి ఎచటినుండి వచ్చెనో మాత్రము అర్థమగుచున్నది.

కల్యాణమ్మను గూర్చి పురాణకర్తలు చెప్పినది మిక్కిలి తక్కువ. భర్తతో సమముగా తన తొడ చర్మమును ఒలిచి ఇచ్చిన ఆ తల్లి, కోడలిని ఇంటికి తెచ్చుకొన్న నాళ్లకే భర్తను పోగొట్టుకొనెను. పుట్టింటికి మరలిపోలేని ఆ పిల్లయు, ఆమెయు ఒకరి ముఖమొకరు చూచుకొనిన ఆ రాత్రి ఏ కవికిని కనబడలేదు.

ఆ కల్యాణమే నేటి బసవకల్యాణము. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండిన బీదరు జిల్లాలోనిది. హైదరాబాదు నుండి షోలాపురము పోవు రాజమార్గమునకు చేరువనే యున్నది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములనుండి యాత్రకు పోవు మన కుటుంబములకు దూరము కాదు. అచట హరళయ్య పేర గవి యొకటి కలదు. పిల్లలను వెంట తీసికొనిపోవువారు అచట కూర్చుండి వారికి చెప్పుల కథతోపాటు పెండ్లి కథయు చెప్పవచ్చును.