కొత్వాలు వెంకటరామారెడ్డి గారు

యర్రగొండపాలెమునుండి మార్కాపురపు బాటను వేకువజామున పోవువారికి ఒక దృశ్యము పరిచితమే. చీకటి విడువకముందే పదునెనిమిది యిరువదియేండ్ల పడుచువాండ్రు గుంపులుగూడి పరుగులు తీయుచుందురు. పోలీసు కొలువు నాశించువాడు 1600 మీటర్లను 8 నిమిషములలో పరుగెత్తి గెలువవలెను. వీరి తండ్రులలో పలువురు వానను నమ్ముకొన్న మెట్టసేద్యగాండ్రు. మూడేండ్ల కొకమారు కరవు వచ్చు సీమలో నెలజీతమును మించిన పంట లేదని వారు తలచుటలో తప్పేమియు లేదు. అయితే కొలువు దొరకుట యెట్లన్న ప్రశ్న యింటింట వినబడుచున్నది గాని, దొరకిన పిదప ఎవరి యాజ్ఞకు లోబడి ఎవరిని కాపాడవలయునన్న ప్రశ్న ఎచ్చటను వినబడుట లేదు. ఈ రెండవ ప్రశ్నతోనే డెబ్బదేండ్లు సహజీవనము చేసిన యొక పురుషుని చరిత్రమును నేడు చదువరుల ముందుంచ దలచితిమి.

ఆయన మనకు పరాయివాడు కాడు. మన యూరికి ఉత్తరమున నల్లమల. నల్లమల దిగిన కృష్ణ. కృష్ణ దాటిన పాలమూరు. 1948 సెప్టెంబరు వరకు ఆ నదికి ఆవలి యొడ్డు నైజాము రాజ్యము. ఆ పాలమూరు సీమయందలి వనపర్తి సంస్థానములో రాయణిపేట యను గ్రామమున 1869వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన వెంకటరామారెడ్డి గారు జన్మించిరి. ఆ యేడే, మూడేండ్లైనను నిండని మహబూబు ఆలీఖాను హైదరాబాదు గద్దె నెక్కెను. రాజ్యభారము మోయుచుండినది దివాను సాలారుజంగు. ఆయన 1865లో దేశమును జిల్లాలుగా విభజించి, గుత్తేదార్ల చేతిలోని శాంతిరక్షణమును క్రమముగా సర్కారు చేతికి తెచ్చుచుండెను. రెడ్డిగారు పుట్టునాటికి నైజాము జిల్లా పోలీసు ఇంకను పసిబిడ్డయే యన్నమాట.

1886లో, పదునేడవ యేట, ఒక మహమ్మదీయ పోలీసు అధికారి ప్రోత్సాహమున ఆయన రాయచూరు జిల్లాలోని ముద్గలులో అమీనుగా కొలువున ప్రవేశించిరి. అమీననగా ఠాణా యధికారి. మీసకట్టు సరిగా రాని బాలుని చేతికి జవానులను, కైదుకొట్టును, రోజునామాను అప్పగించిన కాలమది. ముద్గలు సామాన్యమైన యూరు కాదు. విజయనగర బహమనీ రాజులు తరతరములుగా కత్తులు దూసికొన్న అంతర్వేదిలోని కోట. అచ్చటి రైతు మాట కన్నడము. రెడ్డిగారి తల్లిభాష తెలుగు. ఠాణా కాగితము ఉరుదూ. ఆ ఉరుదూ కూడ కొత్తదే, ఏలయన 1880ల నడుమనే కచ్చేరీలలో పారసీకమును తొలగించి దానిని నిలిపిరి. ఫిర్యాదు చేయవచ్చిన రైతు ఒక భాషలో ఏడ్చును, అమీను రెండవ భాషలో ఆలోచించును, మూడవ భాషలో వ్రాయును. ఈ మూడింటి నడుమ నిజము జారిపోకుండ పట్టుకొనుటయే ఆ కొలువున మొదటి పాఠమై యుండును. ఉత్తరోత్తర ఆయనకు బహుభాషలు వశమగుటకు ఈ సరిహద్దు సీమయే బడి యని మా నమ్మకము.

ఇచ్చట మేము ఇష్టము లేకున్నను ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. అదే 1886లో కృష్ణకు ఈవలి యొడ్డున, కర్నూలు జిల్లాలో, అట్టి తెలుగు బాలుడు పోలీసులో చేరినచో అతని గతి యేమి? చెన్నపట్టణపు ప్రభుత్వము 1859 నాటి శాసనముచే కొత్త పోలీసును నెలకొల్పి యుండెను. అందు కనిష్టబులు కావచ్చును, అదృష్టము బాగున్న ఇన్‌స్పెక్టరు కావచ్చును. సూపరింటెండెంటు కుర్చీ మాత్రము తెల్లవారిది. 1893 నుండి లండనులో జరిపిన పోలీసు పరీక్ష వారికే. 1902 నాటి పోలీసు విచారణసంఘము దయతలచి భారతీయులకు డిప్యూటీ సూపరింటెండెంటను మెట్టొకటి కట్టిన, దానిపై మెట్లెక్కుటకు 1920వ యేడు దాటవలసి వచ్చెను. నైజాములో జిల్లా పోలీసు శాఖాధిపత్యము బహుకాలము ఆంగ్లేయుల చేతనే యున్నమాట నిజము. అయినను ఠాణా అమీనుగా మొదలిడిన తెలుగువాడు రాజధాని కొత్వాలగుటకు అచ్చట త్రోవ మూయబడలేదు. నిరంకుశుని యింట తెరచియున్న తలుపు, ధర్మరాజ్యమని చాటుకొన్న వారి యింట మూసియుండెను.

ముద్గలు తరువాత ముప్పదేండ్ల కాలము ఆయన మెట్టుమెట్టుగా నెక్కుచు పలుజిల్లాలలో పనిచేసిరి, మొహతమీమైరి, కొంతకాలము వనపర్తి సంస్థానమున కార్యదర్శియైరి, పిదప నగరమునకు వచ్చి కొత్వాలునకు సహాయకులైరి. 1920లో ఉస్మాను ఆలీఖాను ఆయనను హైదరాబాదు కొత్వాలుగా నియమించెను. అసఫ్‌జాహీల యేలుబడిలో ఆ పదవి నధిష్ఠించిన మొదటి హిందువని ప్రసిద్ధి. పదునాలుగేండ్లు, 1934 వరకు, ఆయనయే కొత్వాలు.

కొత్వాలనగా మన కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు వంటివాడనుకొనరాదు. నగర పోలీసు జిల్లా పోలీసుతో సంబంధము లేక వేరుగా నుండెను. కొత్వాలు నేరుగా ప్రభువునకు జవాబుదారి. ఊరేగింపుల నాటి జనసమ్మర్దము మొదలు నవాబుల దేవిడీల గొడవలు, సారాదుకాణపు కొట్లాటలు, రాజాతిథుల రాకపోకలు సర్వమును ఆయన కంటిక్రిందనే. మొహరము పీరులును వినాయకుని ఉత్సవములును ఒకే వీధిలో నడచు పురమున, ఒక్క పుకారునకు నూరు తలలు పగులగలవు. 1922లో వేల్సు రాకుమారుడు వచ్చినపుడు దేశమంతట బహిష్కారములు, కల్లోలములు. ఆ సమయమున నగర రక్షణభారము రెడ్డిగారిదే. ప్రభువు మెచ్చెను. రాజబహద్దరు బిరుదము ఆయన కీ కొలువు తెచ్చిపెట్టినదే. ఆంగ్ల ప్రభుత్వమును ఒక బిరుదము నిచ్చెను.

మా వంటి జాతీయవాదుల కలము ఇచ్చట ఆగక తప్పదు. ఆ రాజ్యమున సభ జరుపవలెనన్న అనుమతి, ఉపన్యసింపవలెనన్న అనుమతి, గ్రంథాలయ వార్షికోత్సవమున కైనను అనుమతి. గస్తీ నిషాను 53 యన్న పేరు విన్న తెలంగాణపు వృద్ధులు తమ కాలమున నవ్వుచు కొంత, మండిపడుచు కొంత ఆ కథలు చెప్పుకొనెడివారు. ఆ నిర్బంధమును రెడ్డిగారు సృజింపలేదు. కాని నగరమున దాని నమలుజరుపు చేయి ఎవరిది? కొత్వాలుది. పదవిని త్యజించి ఆయన నిరసింపలేదు. అట్టి యాలోచన చేసినట్లును జాడలేదు. ఈ లోటును మేము కప్పిపుచ్చము. 1939లో సురవరము ప్రతాపరెడ్డి గారు ఆయన జీవితచరిత్రమును వ్రాసి ప్రకటించిరి. అది ఆత్మీయుని రచన; ఆ గౌరవముతోనే, ఆ జాగ్రత్తతోనే చదువదగినది.

అయితే ఆ చేతిదే మరియొక పని కలదు. కొత్వాలు కాకముందే, 1918లో, సంస్థానాధీశులను, దేశముఖులను కలసికొని విరాళములు కూర్చి ఆయన హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహమును స్థాపించిరి. పల్లెనుండి వచ్చిన రైతుబిడ్డకు రాజధానిలో తలదాచుకొన తావులేని దినములవి. ఉన్నత పాఠశాల చదువంతయు ఉరుదూ. పల్లెయందు బడియే అరుదు. కులము పేర వసతిగృహ మేల యని మేమడుగ గలము; అడుగవలసిన ప్రశ్నయే. అడిగి, లోపలికి తొంగిచూడవలెను. అచ్చట తెలుగు గ్రంథాలయము పెరిగెను. దానికి పర్యవేక్షకులుగా పనిచేసినవారు ఆ సురవరము ప్రతాపరెడ్డి గారే. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించినవారును, 1930లో జోగిపేట ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించినవారును వారే. బాలికల చదువునకై నారాయణగూడెమున మాడపాటి హనుమంతరావు గారు మొదలగువారు చేసిన ప్రయత్నమునకును రెడ్డిగారు అండగా నిలిచిరి.

అనుమతి లేక సభ కూడరాదని కాపలా కాయు కొత్వాలే, అనుమతి నడుగని తరము నొకదానిని తన గృహమున పెంచుచుండెను. తెలిసి చేసెనా, తెలియక చేసెనా? తెలియకనే యని వాదించువారు కలరు. మేమట్లనుకొనము. నలువదియేండ్లు మనుష్యుల మొగములు చదివిన పోలీసువానికి చదువుకొన్న కుర్రవాడు రేపేమి యగునో తెలియకుండునా? ప్రభువునకు తన కొలువు నమ్మకముగా చెల్లించెను; ప్రజకు తన ఋణము వేరొక ఖాతాలో తీర్చుకొనెను. రెండు ఖాతాలను ఎన్నడును కలుపలేదు. అది ధైర్యమో, నేర్పో, చదువరులు తామే తూచుకొందురు గాక.

విరమణానంతరము కూడ నైజాము ఆయనను విడువక తన సొంత జాగీరుల శాఖయగు సర్ఫెఖాసునకు ప్రత్యేకాధికారిగా నియమించెను. 1948లో సైనికచర్యతో ఆ రాజ్యమే ముగిసెను. వసతిగృహమున చదువుకొన్న రావి నారాయణరెడ్డి గారు నైజాము మీద సాయుధపోరాటమునకు నాయకులలో నొకరై, 1952 ఎన్నికలలో నల్లగొండనుండి లోకసభకు అఖండమైన ఆధిక్యముతో గెలిచిరి. ఆ మరుసటి యేడు, 1953 జనవరి 25వ తేదీన, వృద్ధ కొత్వాలు కన్నుమూసిరి. అప్పటికి ఉస్మాను ఆలీఖాను రాజప్రముఖుడు మాత్రమే. ముద్గలు ఠాణాలో పదునేడేండ్ల అమీను ఉరుదూలో వ్రాసిన రోజునామా సేవించిన ప్రభుత్వము లేదు.

నేడు హిమాయతుసాగరు ప్రక్కనున్న తెలంగాణపు పోలీసు శిక్షణాలయమునకు ఆయన పేరు పెట్టియున్నారు. 2014లో రాష్ట్రము విడిపోవువరకు అది ఆంధ్రప్రదేశమంతటికి శిక్షణాలయము; యర్రగొండపాలెపు బాటన పరుగెత్తి కొలువు గెలిచిన మన పిల్లలలో కొందరు సబిన్‌స్పెక్టరు టోపీ మొదట తలనుంచుకొన్నది అచ్చటనే.